అరువు పద్దు, ఆరు చుక్కలు

మాది చీరాల దగ్గర ఒక మండల కేంద్రంలో కిరాణా కొట్టు. మా అత్తగారి హయాం నుంచి ఉంది. మా ఊరి కొట్లు సగం అరువు మీదే నడుస్తాయి. జీతగాళ్లు నెల మొదట్లో ఇస్తారు, మగ్గం నేసేవాళ్లు మజూరీ చేతికి రాగానే ఇస్తారు, కౌలు రైతులు పంట అమ్ముడుపోయాక ఇస్తారు. ఎవరి బాకీ ఎంత, ఎవరిని గట్టిగా అడగవచ్చు, ఎవరిని సంక్రాంతి దాటేదాకా కదపకూడదు అన్నదంతా ఒక పొడుగాటి పద్దు పుస్తకంలో నా చేతిరాతలో ఉండేది. కళ్లు పోతున్నాయని తెలిసినప్పుడు నాకు అన్నిటికన్నా ముందు దిగులు పట్టుకున్నది ఆ పుస్తకం గురించే. వినడానికి విడ్డూరంగా ఉండవచ్చు గానీ, కొట్టు పెట్టుకున్నవాళ్లకు అర్థమవుతుంది. ఆ పద్దును బ్రెయిలీలో, అంటే చూపులేనివాళ్లు వేలితో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల లిపిలో, మళ్లీ నా చేతికి తెచ్చుకున్న కథ ఇది.

నాకు చిన్నప్పటి నుంచీ రేచీకటి. దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉండాలని మా అమ్మ కట్టడి. పెళ్లయి, పిల్లలు పుట్టాక అది ముదిరింది. పక్కల చూపు తరిగిపోయి, సన్నటి గొట్టంలోంచి చూస్తున్నట్టు మధ్యలో కాస్త మిగిలి, చివరికి అదీ మసకబారింది. విజయవాడలో కంటి డాక్టరు పరీక్షలన్నీ చేసి రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు. రెటీనాలో వెలుగును పట్టే కణాలు క్రమంగా చచ్చిపోతాయట, జన్యువుల్లో వచ్చే జబ్బట. “మీ అమ్మానాన్నలది మేనరికమా?” అని అడిగారు. అవును, మా నాన్న మా అమ్మకు సొంత మేనమామ. దగ్గరి సంబంధాలు చేసుకునే ఇళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుందని ఆయనే చెప్పారు. పోయిన చూపును తెచ్చే మందు నా వరకు లేదనీ చెప్పారు. ఆ తర్వాత చుట్టాల బలవంతం మీద పసర్లూ తాయెత్తులూ అయ్యాయి. వాటివల్ల డబ్బు వదిలింది, అంతే.

పద్దు రాసే పని మా అబ్బాయికి అప్పగించాను. వాడప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. నేను చెబుతుంటే రాసేవాడు, ఫోను మోగితే సగంలో ఆపి వెళ్లేవాడు. ఒక ఇంటి బాకీ ఇంకో ఇంటి పేజీలో పడేది. పోనీ మా ఆయన రాస్తారా అంటే, రాసిన అంకె మర్నాటికి ఆయనకే అర్థమయ్యేది కాదు. ఈ గొడవంతా చూసి మా అబ్బాయి నా ఫోనులో టాక్‌బ్యాక్ పెట్టాడు. తెర మీద ఎక్కడ తాకితే అక్కడున్నది అది చదివి వినిపిస్తుంది. మనం చెబితే ఫోను రాసుకుంటుంది. దాని మేలు నేను కాదనను. ఎవరు డబ్బులు పంపినా ఎంత వచ్చిందో సౌండ్‌బాక్స్ తెలుగులో చెప్పడం కూడా నాలాంటివాళ్లకు గొప్ప ఆసరా.

కానీ అరువు సంగతి వేరు. కొట్టు ముందు నలుగురు నిలబడి ఉండగా ఒకావిడ తన బాకీ ఎంతని మెల్లగా అడిగింది. ఫోను ఆవిడ పేరునూ, పద్నాలుగు వందల చిల్లరనూ, ఎన్ని నెలల నుంచి ఉందో దాన్నీ బజారంతా వినేలా చదివింది. ఆవిడ మారు మాట్లాడకుండా వెళ్లిపోయింది. తర్వాత రెండు వీధుల అవతల కొట్టులో సరుకులు తీసుకుంటోందని తెలిసింది. ఇయర్‌ఫోన్ పెట్టుకోవచ్చు కదా అంటారు. చెవులు మూసుకుంటే నేను కొట్టు నడపలేను. ఎవరు వచ్చారో, ఏ డబ్బా మూత తీశారో, కాటా మీద ఏం పడిందో నాకు చెప్పేది చెవులే.

ఆ రోజుల్లోనే మా కొట్టుకు వచ్చే భవిత కేంద్రం టీచరు ఈ మాట ఎత్తింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. “అక్కా, బ్రెయిలీ నేర్చుకోండి. పద్దు మీరే రాసుకోవచ్చు, ఎవరికీ వినపడదు” అంది. నేను నవ్వి ఊరుకున్నాను. అది బడిపిల్లల చదువని నా అభిప్రాయం, పైగా నలభై దాటినదాన్ని. ఆమె ఊరుకోలేదు. మర్నాడు ఒక పలక, దాని మీద కిందికి జరుపుకునే గళ్ల పట్టీ, గుండ్రటి పిడి ఉన్న పొట్టి సూది తెచ్చి గల్లా పక్కన పెట్టి, ‘అ’ తో మొదలుపెట్టించింది.

లెక్క చాలా సులువు. ఒక్కో గడిలో రెండు నిలువు వరసల్లో ఆరు చుక్కలు. ఎడమ వరసలో పైనుంచి కిందికి 1, 2, 3. కుడి వరసలో 4, 5, 6. 1 ఒక్కటే ఉంటే ‘అ’. 1, 3 ఉంటే ‘క’. ఇలా కలిపి 63 గుర్తులు చేయవచ్చు. చూపున్నవాళ్లు కంటితో చూసి నేర్చుకుంటే వారం పది రోజుల పని. వేలికి తెలియడం అంత త్వరగా రాదు. చుక్క ఎత్తు అర మిల్లీమీటరు ఉంటుంది, చుక్కకూ చుక్కకూ నడుమ ఎడం రెండున్నర మిల్లీమీటర్లు. నా వేళ్లా, పురికొసలు బిగించి, బెల్లం దిమ్మలు పగలగొట్టి, ఎండుమిర్చి తూచి మొద్దుబారిపోయినవి. మొదట్లో కాగితం మీద ఏదో గరుకుగా ఉందని తెలిసేది తప్ప ఎన్ని చుక్కలో తెలిసేది కాదు. తెలియకపోతే ఇంకా గట్టిగా నొక్కేదాన్ని. నొక్కితే చర్మం అణిగిపోయి అసలేమీ తెలియదని టీచరు చెప్పింది. వేలిని ఆనీ ఆనకుండా, ఆపకుండా ఎడమనుంచి కుడికి నడపాలి. నాకు కుడిచేతికన్నా ఎడమచేతి చూపుడువేలే నయమని తేలింది, దాంతో చేసే మోటుపని తక్కువ కాబట్టి. ఇప్పటికీ నేను చదివేది ఆ వేలితోనే.

తెలుగు బ్రెయిలీ రాత నాకు బాగా నచ్చింది. గుడులు, కొమ్ములు, ఒత్తులు పైనా కిందా వేలాడవు. అన్నీ ఒకే వరసలో వస్తాయి. ‘కి’ రాయాలంటే ‘క’ పక్కన ‘ఇ’ పెడితే చాలు. వత్తక్షరం రావాలంటే, అచ్చు పోగొట్టుకునే హల్లుకు ముందు 4వ చుక్క ఒక్కటి పెట్టాలి. ‘అమ్మ’ అంటే అ, 4వ చుక్క, మ, మ. నేను మొదట అంటించుకున్న చీటీలు పప్పు డబ్బాకూ ఉప్పు డబ్బాకూ. ‘పప్పు’ రాస్తే ఐదు గళ్లు, ‘ఉప్పు’ రాస్తే ఐదు గళ్లు. చివరి నాలుగూ అచ్చంగా ఒకటే, తేడా మొదటి గడిలో మాత్రమే. ‘ప’కు 1, 2, 3, 4; ‘ఉ’కు 1, 3, 6. మూడో చుక్క దాకా ఎడమ వరస నిండుగా తగిలితే పప్పు, మధ్యలో ఖాళీ తగిలితే ఉప్పు. ఆ ఖాళీ వేలికి దొరికిన రోజున నేను అక్షరాలు చదవగలనని నమ్మకం కుదిరింది.

ఒంగోలులో చూపులేని ఉపాధ్యాయుడొకరు ఉన్నారు. టీచరు ద్వారా ఆయన పరిచయమయ్యారు, కొట్టు కట్టేశాక ఫోనులో పాఠం చెప్పేవారు. బ్రెయిలీ కాగితం దళసరిగా ఉంటుంది, మా దగ్గర దొరకదు, దొరికినా ఖరీదు. “హోల్‌సేలువాళ్లు ఇచ్చే క్యాలెండర్లు పారేయకండమ్మా, వాటి మీద చుక్క బాగా నిలుస్తుంది” అని ఆయన చెప్పారు. అప్పటినుంచి వీధిలో పాత క్యాలెండర్లన్నీ మా కొట్టుకే చేరుతున్నాయి. దేవుడి బొమ్మ మీద సూదితో పొడవడమేమిటని మా అత్తగారు కొన్నాళ్లు సణిగారు. బొమ్మలున్నవి పక్కన పెట్టి, తేదీల కాగితాలు తీసుకుంటున్నాను.

అసలు పరీక్ష అంకెల దగ్గర ఎదురైంది. పలక మీద రాసేటప్పుడు కాగితానికి వెనకవైపు పొడుస్తాం, చుక్క ముందువైపు లేస్తుంది. అందుకని కుడినుంచి ఎడమకు, ప్రతి గడినీ తిరగేసి రాయాలి. అక్షరాల్లో కాస్త తారుమారైనా మాటను బట్టి ఊహించుకోవచ్చు. అంకెలు అలా కాదు. 5కు చుక్కలు 1, 5. 9కి 2, 4. అవి ఒకదానికొకటి అద్దంలో బొమ్మలు. 4, 6 కూడా అంతే. 8, సున్నా కూడా అంతే. అంటే రాసేటప్పుడు గడిని తిప్పడం మరిచిపోతే 50 రూపాయలు కాస్తా 98 అయి కూర్చుంటుంది. అక్షరమాల తయారుచేసినవాడు వ్యాపారి కాదని అప్పుడే అర్థమైంది. 3, 7 మాత్రం ఎటు తిప్పినా మారవు, వాటితో పేచీ లేదు. అంకెలకు ముందు 3, 4, 5, 6 చుక్కలతో ఒక గుర్తు పెట్టాలి. తెలుగులో అదే ‘ణ’ కూడా. ‘ణ’తో మొదలయ్యే మాట మన వాడుకలో లేదు కాబట్టి గందరగోళం రాదు. అంకెలు చేతికి వచ్చేదాకా కొట్టు పద్దు ముట్టుకోవద్దని ఒంగోలు మాస్టారు గట్టిగా చెప్పారు. పాత చిట్టాలు మా అమ్మాయి చదువుతుంటే రాయడం, రాసింది తిరిగి చదివి ఆమెతో సరిచూసుకోవడం, చాలాకాలం అదే సాధన.

ఇప్పుడు నా పద్దు ఎలా ఉంటుందంటే, ఒక్కో ఇంటికి ఒక్కో కాగితం. పైన ఆ ఇంటికి నేను పెట్టుకున్న పొట్టి పేరు. కింద తేదీ, సరుకు, మొత్తం. సరుకుల పేర్లు పూర్తిగా రాయను, మొదటి రెండు అక్షరాలు చాలు. బాకీ తీరితే ఆ కాగితాన్ని మళ్లీ పలకకు బిగించి, తీరిన పద్దులో మిగిలిన చుక్కలు కూడా పొడిచేస్తాను. ప్రతి గడిలో ఆరూ నిండితే కొట్టివేసినట్టు. పలక మేకులు చేసిన చిల్లులు కాగితంలో ఉంటాయి కాబట్టి మళ్లీ అదే చోట కూర్చుంటుంది. ఎవరైనా బాకీ అడిగితే గల్లా కింద చేయి పెట్టి చదువుకుని, వాళ్లకు మాత్రమే వినపడేలా చెబుతాను. రెండు వీధుల అవతలికి వెళ్లిన ఆవిడ తిరిగి వచ్చింది. ఎందుకు వచ్చిందో నేను అడగలేదు.

నోట్ల విషయంలో మాత్రం బ్రెయిలీ సాయం లేదు. మన నోట్ల మీద బ్రెయిలీ ఉండదు. 100, 200, 500 మీద ఉబ్బెత్తు గుర్తులు ఉన్నాయి గానీ నలిగిన నోటు మీద అవి వేలికి తగలవు. 200కూ 500కూ పొడవులో తేడా 4 మిల్లీమీటర్లే. అందుకే సౌండ్‌బాక్స్‌కు పంపించమని అందరినీ అడుగుతాను.

డబ్బాల మీద చుక్కల చీటీలు చూసి ముందు వచ్చింది పిల్లలు. “ఇదేమిటి ఆంటీ?” అని తడిమేవారు. వాళ్ల పేర్లు రాసి ఇచ్చేదాన్ని. రహస్య భాష దొరికిందని వాళ్లకు సంబరం. వాళ్లకు లూయీ బ్రెయిలీ కథ చెబుతాను. 1809 జనవరి 4న ఫ్రాన్స్‌లో కూప్‌వ్రే అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి గుర్రాల జీనులు కుట్టేవాడు. మూడేళ్లప్పుడు తోలు పొడిచే ఆరతో ఆడుకుంటుంటే కంట్లో గుచ్చుకుని, రెండో కన్ను కూడా పోయింది. బార్బియే అనే ఆయన 12 చుక్కల పద్ధతి తయారుచేస్తే, అంత పెద్ద గడి ఒక వేలి కింద పట్టదని లూయీ దాన్ని ఆరుకు తగ్గించాడు. అప్పటికి వాడికి పదిహేనేళ్లు. పదిహేనేళ్లు అనగానే పిల్లలు కళ్లు పెద్దవి చేస్తారని మా అమ్మాయి చెబుతుంది. అతను 1852లో పోయాడు, ఫ్రాన్స్ ఆ లిపిని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో. మన భాషలన్నిటికీ కలిపి భారతి బ్రెయిలీ కుదిరింది 1951లో. దాని వల్ల తెలుగు ‘క’, తమిళ ‘క’, హిందీ ‘క’ అన్నీ ఒకే గుర్తు. మామూలు తమిళ లిపిలో అక్షరం ఒక్కటీ రాని నేను, చుక్కల్లో ఉంటే కూడబలుక్కుని చదవగలను, అర్థం తెలియకపోయినా.

భవిత కేంద్రానికి వచ్చే పిల్లల్లో ఐదో తరగతి అబ్బాయి ఒకడున్నాడు. పుట్టుకతోనే చూపు లేదు. పద్యాలు, ఎక్కాలు గడగడా అప్పజెబుతాడు. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. బ్రెయిలీ నేర్పుతామంటే “ఫోను అన్నీ చదివి వినిపిస్తుంది కదమ్మా, ఇంకా ఈ చుక్కలెందుకు?” అన్నాడు. ఈ మాట చదువుకున్నవాళ్ల నోట కూడా విన్నాను. నేను వాదించలేదు. పిల్లవాణ్ణి పిలిచి ‘సంవత్సరం’లో ఏయే అక్షరాలున్నాయో చెప్పమన్నాను. “స, మ, చ్చ, ర, సున్నా” అన్నాడు. వాడు విన్నది అదే, జనం పలికేదీ అదే. ఏ గుర్తు ఏ అక్షరమో నేను చెబుతూ, వాడి చేత ఆ మాటను వేలితో తడిమించాను. సున్నా దగ్గర ఆగాడు, ‘వ’ దగ్గర ఆగాడు, 4వ చుక్క తర్వాత ‘త’ తగిలేసరికి వెనక్కి వెళ్లి మళ్లీ తడిమాడు. “ఇంతకాలం ఎవరూ చెప్పలేదేం?” అని టీచరును నిలదీశాడు. వాళ్ల నాన్న పక్కనే ఉన్నాడు. చూపున్న పిల్లవాడికి అక్షరాలు వద్దు, రేడియో చాలు అని ఏ తండ్రీ అనడు కదా.

ఆ ఇంట్లో బ్రెయిలీ ముందు వచ్చింది వాళ్ల అమ్మకు. ఆమె కంటితో నేర్చుకుంది, ఇప్పుడు వాడి నోటు పుస్తకం తనే దిద్దుతోంది. దాంతో నాకు ఒక సంగతి తెలిసింది. పిల్లవాడికి నేర్పాలంటే ముందు తల్లిని కూర్చోబెట్టాలి. ఇంట్లో చదివేవాళ్లు లేకపోతే వాడు రాసింది ఎవరికి చూపించుకుంటాడు? ఇప్పుడు మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉండే వేళ ఇద్దరు ముగ్గురు తల్లులు వస్తున్నారు.

అందరికీ వస్తుందని నేను చెప్పను. మా వీధిలో షుగరు వల్ల చూపు పోయిన పెద్దాయనకు ఎంతో ఆశగా మొదలుపెట్టించాం. షుగరు వేళ్ల స్పర్శను కూడా తినేసింది. చుక్కలు తగలడం లేదంటే ఆపేశాం. ఆయనకు ఫోనే మంచిది, అందులో నామోషీ ఏమీ లేదు.

మా శాఖా గ్రంథాలయంలో బీరువా నిండా బ్రెయిలీ పుస్తకాలున్నాయని తెలిసి ఆశగా వెళ్లాను. ఎవరో దానం చేసినవి. అన్నీ ఇంగ్లీషువి, అదీ మాటల్ని కుదించి రాసే పద్ధతిలో. మా మండలంలో వాటిని చదివేవాళ్లు లేరు. దానం చేసేవాళ్లు ఒకసారి అడిగి చేస్తే బాగుండును. పుస్తకాలకు బదులు పలకలు, దళసరి కాగితం ఇస్తే పిల్లలు రాసుకుంటారు. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో లైబ్రేరియన్ మాకొక బల్ల ఇచ్చారు. వచ్చినవాళ్ల చేత వాళ్ల పేరు వాళ్లే పొడిపించాం. ఇంకో చోట జనవరి 4న జరిగిన సభలో, చూపులేనివాళ్ల బాధ తెలియాలని అందరి కళ్లకూ గంతలు కట్టి నడిపించారు. తడబడి, గోడకు కొట్టుకుని, “అయ్యో, పాపం” అనుకుంటూ ఇళ్లకు వెళ్లారు. నాకు ఒళ్లు మండింది. గంతలు కట్టుకున్న పది నిమిషాల్లో భయం తప్ప ఏం తెలుస్తుంది? అదే పది నిమిషాల్లో ఐదు అక్షరాలు నేర్పవచ్చు.

2024 మే 13న ఎన్నికలకు వెళ్లినప్పుడు అంతకుముందు ఎప్పుడూ చేయని పని చేశాను. చూపు పోయాక తోడు మనిషితో ఓటు వేయించుకునేదాన్ని, నిబంధనలు అందుకు ఒప్పుకుంటాయి. మా ఆయన నేను చెప్పిన మీటే నొక్కారని ఆయన అంటారు, నేను నమ్ముతాను, అది వేరే సంగతి. ఈసారి అభ్యర్థుల పేర్లున్న బ్రెయిలీ పత్రం అడిగాను. అక్కడివాళ్లు కాసేపు వెతికి ఇచ్చారు. నిలబడి చదువుకున్నాను, వెనక వరసలో జనం విసుక్కుంటున్నా సరే. యంత్రం మీద మీట పక్కన వరుస సంఖ్య బ్రెయిలీలో ఉంటుంది. అసెంబ్లీకి ఒకటి, లోక్‌సభకు ఒకటి, రెండు యంత్రాల మీదా నా వేలితోనే వెతికి నొక్కాను. ఎవరికి వేశావని మా ఆయన దారి పొడుగునా అడిగారు. చెప్పలేదు.

పద్దు విషయంలో ఒక్క తగువు మాత్రం వచ్చింది. రిటైరైన లెక్కల మాస్టారొకరు, “నువ్వు రాసింది నువ్వే చదువుతావు, నేను ఎలా నమ్మేదమ్మా?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆయనకు అంకెల చీటీ ఒకటి ఇచ్చాను. లెక్కల మాస్టారు కదా, పట్టుదలగా నేర్చుకున్నారు. మరుసటి నెల తన కాగితం తీసుకుని వెలుగులో పెట్టి, “నేను తీసుకున్నది 50 రూపాయల సరుకు, ఇక్కడ 89 రాసి ఉంది” అని గట్టిగా అడిగారు. కొట్టులో ఉన్నవాళ్లంతా చుట్టూ చేరారు. కాగితం చేతికి తీసుకుని తడిమి చూస్తే ఆయన పట్టుకున్నది వెనకవైపు. గుంటలను చుక్కలనుకుని చదివారు. 50ని వెనకనుంచి చూస్తే సరిగ్గా 89 లాగే ఉంటుంది, అంకె గుర్తు ఒక్కటే చివరికి పోతుంది. తిప్పి ఇచ్చాక ఆయనే పకపకా నవ్వి బాకీ కట్టేశారు. ఇప్పుడు తన పద్దు తనే చదువుకుంటారు. అంతటితో ఆగితే బాగానే ఉండును. పక్కింటివాళ్ల కాగితాలు కూడా చదవడం మొదలుపెట్టారని మా అమ్మాయి చెప్పింది. అప్పటినుంచి ఫైలును గల్లాపెట్టెలో పెట్టి తాళం వేస్తున్నాను.